పావు లీటరు నెత్తురు

"ఆడకూతురికి గర్భసంచి తీయించేస్తావుటే? అదీ నోరులేని దానికి?"

మా అమ్మ ఈ మాట అన్నది మా కుక్క చిన్ని గురించి. అప్పటికి దానికి ఎనిమిది నెలలు, అప్పుడే మొదటి ఎద అయింది. పొమరేనియన్. వంటింటి కాటా మీద గిన్నె తీసేసి కూర్చోబెడితే 3 కిలోల 200 గ్రాములు తూగింది. స్నానం చేయించినప్పుడు చూడాలి దాన్ని, బొచ్చంతా అణిగిపోయి తడిసిన ఉడతలా ఉంటుంది. ఆ ఉడతని బల్లమీద పడుకోబెట్టి, మత్తిచ్చి, పొట్ట కోయించాలా వద్దా అని రెండు నెలలు కొట్టుకున్నాను. కనిపించిన వాళ్ళందరినీ ఒకటే అడిగాను: సేఫేనా?

"ఏం కాదమ్మా, అరగంట పని" అన్నవాళ్ళున్నారు. "అంత చిన్న ప్రాణానికి మత్తిస్తే మళ్ళీ లేస్తుందా" అన్నవాళ్ళున్నారు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అయితే "వీధి కుక్కల్ని పట్టుకుపోయి, కోసి, చెవికి గాటు పెట్టి తెచ్చి వదిలేస్తున్నారు, అవి శుభ్రంగా తిరగట్లేదా మేడం" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ముగ్గురి మాటలోనూ ఎంతో కొంత నిజముంది. వాటిలో ఏ ఒక్క మాటనో పట్టుకుని కళ్ళు మూసుకుని నిర్ణయం తీసుకుంటే మాత్రం కుక్క ప్రాణం మీదికొస్తుంది. చిన్నికి నేను ఆపరేషన్ చేయించాను. ఆడకుక్క ఉన్నవాళ్ళు ఎవరడిగినా చేయించమనే చెబుతాను. అయితే ఎక్కడ, ఎప్పుడు, ఎలా అన్నది తేల్చుకోకుండా చేయించమని చెప్పను.

అంత గట్టిగా చెప్పడానికి కారణం రోజీ.

1999లో తెనాలిలో మా ఇంటికొచ్చింది. అప్పట్లో మా వీధిలో ప్రతి మేడింటి వరండాలోనూ ఒక తెల్ల బొచ్చుకుక్క ఉండేది. అందరం దాన్ని పామేరియన్ అనేవాళ్ళం. అవి ఇండియన్ స్పిట్జ్‌లని, అసలు పొమరేనియన్ బరువు అందులో సగమే ఉంటుందని నాకు చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు. రోజీ ఆరు కిలోలుండేది. ఎదకొచ్చినప్పుడల్లా మూడు వారాలపాటు ఊళ్ళో ఉన్న మగకుక్కలన్నీ మా గేటు ముందే మకాం. నాన్న కర్ర పట్టుకుని కాపలా. ఆపరేషన్ చేయించెయ్యండి అని ఎవరో సలహా ఇస్తే, "ఇంత చిన్నదానికి కోతలెందుకు" అని దానికి బదులు ఎద రాకుండా ఆపే ఇంజక్షన్లు వేయించారు. నాలుగైదేళ్ళు వేయించి మానేశారు. కోత లేదు, కుట్లు లేవు, మత్తు లేదు. ఇంతకంటే సేఫ్ ఏముంటుంది!

ఆ ఇంజక్షన్లో ఉండేది ప్రొజెస్టిరాన్ జాతి హార్మోన్. అది గర్భసంచి లోపలి పొరని మందంగా చేస్తుంది, గర్భసంచి ద్వారాన్ని బిగిస్తుంది, సూక్ష్మజీవులు చేరితే పారదోలే శక్తిని అణిచేస్తుంది. అంటే చీము పట్టడానికి పరుపు పరిచి పెట్టడమే. వేసినాయన మాకు చెప్పలేదు. మేమూ అడగలేదు.

2008 ఎండాకాలంలో రోజీ ఆగకుండా నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. గిన్నె నింపి ఇటు తిరిగేసరికి ఖాళీ. ఎండలు కదా అనుకున్నాం. పొట్ట కాస్త ఉబ్బినట్టు కనిపిస్తే "నెలన్నర కిందట ఎదకొచ్చినప్పుడు ఎప్పుడో గేటు దాటిపోయినట్టుంది, కడుపుతో ఉంది" అంది అమ్మ, పెరుగన్నం ఇంకో ముద్ద ఎక్కువ కలిపి పెట్టింది. రోజీ ఆ ముద్ద ముట్టలేదు. అయిదోరోజుకి లేవలేదు. కారు మాట్లాడుకుని గుంటూరు తీసుకెళ్ళాం. ఆపరేషన్ అయ్యాక డాక్టరు గర్భసంచిని ట్రేలో పెట్టి తెచ్చి చూపించారు. ఆ సైజు కుక్కకి గర్భసంచి కొమ్ములు రెండూ పెన్సిల్ కంటే సన్నగా ఉండాలట. నేను చూసినవి రెండు కూరరటికాయలు. నిండా చీము. బయటికి దారి బిగుసుకుపోయి ఒక్క చుక్కయినా కారలేదు, కారి ఉంటే మూడు రోజుల ముందే పట్టుకునేవాళ్ళం. రోజీ ఆ రాత్రి దాటలేదు.

చూడండి, తొమ్మిదేళ్ళు తప్పించుకు తిరిగిన ఆపరేషన్నే ఆఖరికి చేయించాం. అదే కోత, అదే మత్తు. ఏడాది కుక్కకి, ఆరోగ్యంగా ఉన్నప్పుడు జరగాల్సింది, తొమ్మిదేళ్ళ కుక్కకి, ఒళ్ళంతా విషం పాకి అయిదు రోజులుగా మెతుకు ముట్టనప్పుడు జరిగింది. ఆపరేషన్ వద్దనుకున్న ప్రతి ఇంట్లోనూ ఇలాగే అవుతుందని అనను. కానీ ఇది అరుదైన జబ్బు కాదు. స్వీడన్‌లో పెంపుడు కుక్కలకి ఇన్సూరెన్స్ బాగా ఎక్కువ, పైగా ఊరికే ఆపరేషన్ చేయించే ఆనవాయితీ వాళ్ళకి లేదు. అందుకని అక్కడి ఇన్సూరెన్స్ లెక్కల్లో ఆడకుక్కల సహజ జీవితం కనిపిస్తుంది. ఆ లెక్క ప్రకారం పదేళ్ళు నిండేలోపు నాలుగింట ఒకదానికి గర్భసంచిలో చీము పట్టింది. పయోమెట్రా అంటారు. నాలుగింట ఒకటి!

ఇక అమ్మ మాట.

అమ్మకి గర్భసంచి తీసేసింది 1994లో, ముప్ఫై నాలుగేళ్ళకి. నడుం నొప్పి, బహిష్టు ఎక్కువ అవుతోందని వెళితే, "పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకమ్మా, ఉంచుకుంటే క్యాన్సరొస్తుంది" అని తీసేశారు. తర్వాత ఒళ్ళంతా మంటలు, ఎముకలు గుల్లబారడం, ఇప్పటికీ మెట్లెక్కితే మోకాళ్ళు పట్టుకుంటుంది. మా వీధిలో అలాంటివాళ్ళు ఎంతమందో. ఇది మా వీధి సంగతే అనుకున్నాను చాలాకాలం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, దేశం మొత్తమ్మీద 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో ఎనిమిది మంది. మన దగ్గర గర్భసంచి తీసెయ్యడం అంటే పన్ను పీకెయ్యడమంత తేలిక చేసేశారు. కాబట్టి "ఆడకూతురికి గర్భసంచి తీయిస్తావుటే" అన్నప్పుడు అమ్మ చాదస్తంగా మాట్లాడలేదు. డాక్టరు చెప్పగానే తలూపితే ఏమవుతుందో తన ఒంటిమీదే చూసుకున్న మనిషి ఆమె. చాదస్తం అని విసుక్కున్నది నేను. అది నా తప్పే.

కానీ కుక్క ఒళ్ళు మనిషి ఒళ్ళు కాదని అమ్మకి చెప్పడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. ఎదకొచ్చినప్పుడు కనిపించే నెత్తురుని మనవాళ్ళు ముట్టు అనుకుంటారు. అసలు వరసే వేరు. మనిషికి గర్భం నిలవనప్పుడు నెత్తురు పోతుంది. కుక్కకి జత కట్టడానికి సిద్ధమవుతున్నప్పుడు పోతుంది. ఆ తర్వాత, మగకుక్క కలిసినా కలవకపోయినా, దాదాపు రెండు నెలలు ప్రొజెస్టిరాన్ పెరిగే ఉంటుంది. కడుపు లేకపోయినా ఒళ్ళు కడుపుతో ఉన్నట్టే నడుచుకుంటుంది. రోజీకి ఇంజక్షన్లో ఎక్కించిన హార్మోన్ పని, ప్రతి ఎద తర్వాతా ఒంట్లోనే జరుగుతుందన్నమాట. మనిషికి ముట్లుడిగే వయసొకటి ఉంది. కుక్కకి లేదు. ముసలితనంలో కూడా ఎదకొస్తూనే ఉంటుంది, ప్రతిసారీ ఆ పొర ఇంకాస్త చెడుతూనే ఉంటుంది.

"ఒక్క ఈతన్నా ఈననివ్వండి, తర్వాత చేయిద్దురు" అని మా పక్క ఫ్లాట్ ఆంటీ సలహా. ఈనితే ఆరోగ్యం అన్న మాటకి ఆధారం లేదు. 3 కిలోల పొమరేనియన్ ఈనడమే ఒక గండం. తల్లి కటి ఇరుకు, పిల్ల తల పెద్దది, అడ్డం పడితే అర్ధరాత్రి సిజేరియనే. పొట్ట కోయించడం ఇష్టంలేక ఈననిస్తే, ఈనలేక పొట్ట కోయించాల్సొస్తుంది.

రొమ్ము గడ్డల సంగతి కూడా అందరూ ఎత్తుతారు. 1969 నాటి అమెరికా అధ్యయనం ఒకటుంది. మొదటి ఎదకి ముందే ఆపరేషన్ చేయిస్తే, చేయించనివాటితో పోలిస్తే గడ్డల ముప్పు అర శాతమేనని, ఒక ఎద అయ్యాక 8 శాతమని, రెండో ఎద కూడా అయ్యాకైతే 26 శాతమని చెప్పింది. ఈ అంకెలు యాభై ఏళ్ళుగా క్లినిక్కుల గోడల మీద వేలాడుతున్నాయి. 2012లో పాత అధ్యయనాలన్నీ తిరగేసినవాళ్ళు ఆ ఆధారం అంత బలమైనది కాదని తేల్చారు. కాబట్టి వీటిని చూసి గాభరాగా మొదటి ఎదకి ముందే పరిగెత్తాలని నేను అనను. నాకు పయోమెట్రా ఒక్కటి చాలు.

సరే, చేయించాలి. మరి ప్రాణభయమో?

బ్రిటన్‌లో 2002 నుంచి 2004 దాకా దాదాపు 98 వేల కుక్కలకి మత్తిచ్చిన వివరాలు రాసిపెట్టుకున్నారు. ఆరోగ్యమైన కుక్కల్లో మత్తు వల్ల పోయినవి దాదాపు రెండు వేలకొకటి. జబ్బుతో ఉన్నవాటిలో 75కి ఒకటి. రోజీ ఏ వరసలో నిలబడిందో, చిన్ని ఏ వరసలో నిలబడిందో ఈ రెండు అంకెలే చెబుతాయి. అయితే అదే అధ్యయనంలో ఇంకో రెండు విషయాలున్నాయి, వాటిని "ఏం కాదమ్మా" బాపతు వాళ్ళు చెప్పరు. ఒకటి, 5 కిలోల లోపు కుక్కలకి ప్రమాదం ఎక్కువ. రెండు, పోయిన కుక్కల్లో దాదాపు సగం పోయింది ఆపరేషన్ అయిపోయాక, అందులోనూ మొదటి మూడు గంటల్లోనే ఎక్కువ. కత్తి కింద పెట్టేశాక, అందరూ చేతులు కడుక్కుని టీ తాగడానికి వెళ్ళాక.

ఎందుకలా అంటే చిన్న ఒంటి లెక్కలే వేరు. కుక్కకి కిలో బరువుకి 80, 90 మిల్లీలీటర్ల నెత్తురుంటుంది. చిన్ని ఒంట్లో ఉన్న నెత్తురంతా కలిపితే పావు లీటరు పాలప్యాకెట్టు, ఇంకో రెండు చెంచాలు. పదిహేను కిలోల వీధికుక్కకి యాభై మిల్లీలీటర్లు కారితే గుడ్డతో ఒత్తి ముందుకెళ్ళిపోవచ్చు. చిన్నికి యాభై అంటే అయిదో వంతు పోయినట్టు. వాచ్‌మన్ మాటలో లోపం ఇదే. 2001 నుంచీ ఉన్న, 2023లో తిరగరాసిన ఏబీసీ (జంతువుల సంతాన నియంత్రణ) నిబంధనల కింద వీధి కుక్కలకి జరుగుతున్న ఆపరేషన్లు మంచి పనే, కానీ వాటిని చూసి మూడు కిలోల ప్రాణానికి హామీ రాసివ్వలేం.

తర్వాత మోతాదు. నేను మొదట వెళ్ళిన క్లినిక్కులో చిన్నిని చేత్తో ఎత్తి చూసి, "నాలుగు కిలోలుంటుందిలెండి" అని కాగితం మీద రాసేశారు. ఎనిమిది వందల గ్రాముల తేడా. మనకేం అనిపించదు. మూడుంపావు కిలోల ఒంటికి నాలుగు కిలోల మత్తు అంటే పాతిక శాతం ఎక్కువ. యాభై కిలోల మనిషికి అరవై రెండు కిలోల లెక్కన మందెక్కించడం. రక్తపరీక్ష అడిగితే "చిన్నపిల్లేగా, అక్కర్లేదు" అన్నారు. ఆపరేషన్ అయ్యాక ఎవరు చూసుకుంటారంటే "గంటలో తీసుకెళ్ళిపోవచ్చు" అన్నారు. చిన్నిని చంకలో పెట్టుకుని బయటికొచ్చేశాను.

రెండో డాక్టరమ్మ ముందు తూచారు, తర్వాత ముంగాలికున్న బొచ్చు గొరిగి నెత్తురు తీశారు. సాయంత్రం ఫోన్: ప్లేట్‌లెట్లు 62 వేలు. రెండు లక్షలకి తగ్గకూడదు. చూడటానికి కుక్క గెంతుతోంది, తింటోంది, సోఫా అంచు కొరుకుతోంది. పిడుదుల జ్వరం. ఎర్లీకియా అనే సూక్ష్మజీవి పిడుదు కాటుతో ఒంట్లో చేరి, పైకి ఏమీ తెలియనివ్వకుండా ప్లేట్‌లెట్లు పడిపోయేలా చేస్తుంది. మన వాతావరణంలో పిడుదులకి కాలం అంటూ లేదు, కాబట్టి ఈ పరీక్ష ఇక్కడ తప్పించుకోకూడనిది. ఇంగ్లండ్ పుస్తకంలో "కుర్రకుక్కకి పరీక్ష ఐచ్ఛికం" అని రాసి ఉండొచ్చు, వాళ్ళ ఊళ్ళో మన పిడుదులు లేవు. ఆ 62 వేలతో బల్ల ఎక్కించి ఉంటే గడ్డకట్టని నెత్తురు పొట్టలోకి కారుతూనే ఉండేదేమో. ఉన్నదే పావు లీటరు. ఇరవై ఎనిమిది రోజులు డాక్సీసైక్లిన్, పెరుగన్నంలో దాచి. మళ్ళీ పరీక్ష: 2 లక్షల 40 వేలు. ఈలోపు ఎద అయి మూడు నెలలు నిండాయి, అదీ కలిసొచ్చింది. ఎద వేడిమీద ఉన్నప్పుడు గర్భసంచి రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి, అప్పుడు కోయించకూడదు.

ఆ డాక్టరమ్మని నేను వేధించాను, ఒప్పుకుంటాను. గొంతులో గొట్టం వేస్తారా, గ్యాస్ మత్తా, సెలైన్ ఉంటుందా, నాలుకకి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూస్తారా, లేచేదాకా పక్కన ఎవరుంటారు. పొమరేనియన్లకి గాలిగొట్టం మెత్తగా ఉండి నొక్కుకుపోయే జబ్బు ఉంటుంది, అది చూశారా. విసుక్కోకుండా అన్నిటికీ చెప్పారు. విసుక్కుంటే అక్కడ చేయించేదాన్ని కాదు. అమ్మ పక్కనే కూర్చుని వింటోంది. తిరిగొస్తుంటే ఆటోలో అంది: "నా ఆపరేషనప్పుడు మీ నాన్న ఒక్కటే అడిగారు. ఎంతవుతుందని."

ఆపరేషన్ ముందు రాత్రి నుంచే చిన్ని చేత కటిక ఉపవాసం చేయించాలని అమ్మ పట్టు. శివరాత్రి ఉపవాసం అనుకుంది. పెద్ద కుక్కలకైతే సరే, ఇంత చిన్న కుక్కని పన్నెండు గంటలు మాడిస్తే షుగర్ పడిపోవచ్చు, ఆ పడిపోవడం మత్తులో ఎవరికీ కనిపించదు. నాలుగు గంటలు చాలన్నారు డాక్టరమ్మ. తెల్లవారుజామున లేపి కాస్త తినిపించాను.

తొమ్మిదింటికి లోపలికి తీసుకెళ్ళారు. నాలుగు పాదాలకీ పసిపిల్లల సాక్సులు, వాటిమీద బుడగల ప్లాస్టిక్ కాగితం చుట్టారు. ఒళ్ళు ఎంత చిన్నదైతే వేడి అంత త్వరగా జారిపోతుంది. స్టీలు బల్ల, ఏసీ గది, గొరిగిన పొట్ట, దానిమీద స్పిరిట్. బల్లమీద వేడి పరుపు. నోట్లో కుళ్ళిపోతున్న పాలపళ్ళు రెండు మిగిలిపోయి ఉంటే అదే మత్తులో పీకేశారు, మళ్ళీ ఇంకోసారి మత్తెందుకని. నలభై నిమిషాల్లో బయటికి తెచ్చారు.

అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. థర్మామీటరు పెడితే 97. కుక్కకి 101 పైన ఉండాలి. బ్లాంకెట్లో చుట్టి, గోరువెచ్చటి సెలైన్ సీసాలు గుడ్డలో చుట్టి రెండు పక్కలా పెట్టారు. చెవి అంచున సూదితో గుచ్చి షుగర్ చూశారు. అచ్చం అమ్మ దగ్గరుండే మిషనే. "ఎంతుంది?" అని అమ్మ తొంగిచూసింది. 88. "నాకంటే నయం" అంది. ఒక అమ్మాయి పది నిమిషాలకోసారి వచ్చి చిగుళ్ళ రంగు చూసి వెళ్ళేది, వేలితో నొక్కి వదిలితే గులాబీరంగు ఎంతసేపట్లో తిరిగొస్తుందో లెక్కపెట్టేది. 98. 98.8. నాలుక బయటికి వేలాడుతోంది. ఒకసారి నిద్రలోనే సన్నగా మూలిగింది. 99.6. మధ్యాహ్నం పన్నెండున్నరకి 100 దాటింది, తలెత్తి చూసింది, మా ఇద్దరినీ గుర్తుపట్టక గుర్రుమంది. పంపించింది నాలుగింటికి. బిల్లు 14,000. అందులో కోత ఖరీదు ఎంతో తెలియదు గానీ, ఆ కాపలాకే ఇచ్చాననుకున్నాను.

ఆపరేషన్ వల్ల నష్టాలే లేవని చెప్పను. ఒళ్ళు చేస్తుంది. తిండి పావు వంతు తగ్గించకపోతే ఆరు నెలల్లో దిండులా తయారవుతుంది, అది మా ఇంట్లో రోజూ జరిగే యుద్ధం. గొరిగిన చోట పొమరేనియన్లకి బొచ్చు తొందరగా రాదు. చిన్ని పొట్ట అయిదు నెలలైనా బోసిగానే ఉంది. కీళ్ళు దెబ్బతింటాయని, ఉచ్చ ఆగదని భయపెట్టే మాటల్లో చాలావరకు పెద్దజాతులవి. కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ వాళ్ళు 2020లో 35 జాతుల మీద రాసిన అధ్యయనంలో చిన్నజాతులకి కీళ్ళ బెడద పెరగలేదు. అయితే షీట్జూ, బోస్టన్ టెరియర్ జాతుల్లో ఆపరేషన్ అయినవాటికి కొన్ని క్యాన్సర్లు ఎక్కువ కనిపించాయి. ఇంట్లో షీట్జూ ఉన్నవాళ్ళు వయసు గురించి డాక్టరుతో కూర్చుని మాట్లాడుకోవాలి.

మగకుక్క సంగతి వేరు. ఇల్లు దాటని చిన్న మగకుక్కకి చేయించి తీరాలని నేను పట్టుబట్టను. ముసలితనంలో ప్రోస్టేట్ ఉబ్బుతుంది, అప్పుడు చేయించినా తగ్గుతుంది. ఆడదానిలా ప్రాణాంతకంగా ముంచుకురాదు. పిరికి కుక్కలు కొన్ని ఇంకాస్త పిరికివీ అవుతాయి. కానీ చిన్నజాతుల్లో ఒక వృషణం కిందికి దిగకుండా పొట్టలోనే ఉండిపోవడం మామూలే. అలాంటిదానికి మాత్రం ఆలస్యం చేయకూడదు, అది గడ్డ కట్టే ముప్పు ఎక్కువ. మా తాతయ్య ప్రతి కోడెదూడకీ విత్తులు కొట్టించేవాడు, మత్తూ లేదు, మందూ లేదు, నలుగురు పట్టుకోవడమే. ఆయన్ని ఎవరూ సేఫేనా అని అడగలేదు. ఎద్దు దున్నాలి కాబట్టి.

పన్నెండో రోజు కుట్లు తీశారు. గోకకుండా అమ్మ తన పాత నూలు చీర చించి చిన్నికి చొక్కా కుట్టింది, గంధం రంగు మీద ఆకుపచ్చ అంచు. ఆ చొక్కా పైకెత్తి, బోసిపొట్ట మీద గీతని చాలాసేపు చూసింది. తర్వాత తన రెండు వేళ్ళు దగ్గరగా పెట్టి దానిపక్కన కొలిచింది.

"నాది జానెడుంది" అంది.

చిన్ని ఆ వేళ్ళు నాకి, చీరముక్క అంచు కొరకడం మొదలుపెట్టింది.